థర్మల్ కెమెరా ఉండగా చెయ్యి పెట్టి చూడడమెందుకు?

కొన్నారు కదా, ఇక చేతిని నమ్మకండి. ఫోనుకి ఛార్జరు గుచ్చే చోట తగిలించుకునే ఆ అగ్గిపెట్టెంత వస్తువే నేటినుంచి మీ ఇంటి డాక్టరు, ఎలక్ట్రీషియను, వాస్తు సిద్ధాంతి. పెట్టెలో వచ్చిన కాగితం మాత్రం చదవకండి. కొలత రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ కావచ్చని సన్నక్షరాల్లో రాసుంటుంది. ఆరోగ్యానికీ జ్వరానికీ నడుమ ఉన్నదే ఆ రెండు డిగ్రీలు. అది చదివాక పిల్లాడి నుదుటిమీద కెమెరా పెట్టబుద్ధి కాదు.

అంకెలతో మనకేం పని, రంగులు చూడండి. ఎర్రగా ఉంటే కాలుతున్నట్టే. ఎదురుగా ఉన్నవాటిలో అన్నిటికన్నా వేడిదానికి పసుపో తెలుపో, అన్నిటికన్నా చల్లనిదానికి నీలమో నలుపో పూయడం ఈ కెమెరా అలవాటు. రెంటికీ తేడా ఒక్క డిగ్రీ అయినా అంతే. అందుకే ఏమీ లేని గోడ కూడా కొలిమిలా కనబడుతుంది. మా ఇంటికొచ్చినవాళ్లకి మొదట ఆ గోడే చూపిస్తాను. గుండెలు బాదుకుంటారు. అప్పుడు టీ గ్లాసొకటి గోడ ముందు పెడితే చాలు, కొలిమి కాస్తా మంచుకొండ అయిపోతుంది. ఇంత మర్యాద ఇంకే వస్తువు వల్లా దక్కలేదు నాకు.

వంటింట్లో మసిగుడ్డ తీసి అవతల పారేయండి. మరుగుతున్న నీళ్ల గిన్నె అంచుమీద కెమెరా పెడితే నలభై డిగ్రీలే అనొచ్చు. మెరిసే స్టీలు తన వేడిని సరిగా వెలిగక్కదు, అద్దంలా వంటింటి వేడినే తిరిగి చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దానిమీద కొలిచే పిరికివాళ్లూ ఉన్నారు. మసిపట్టిన గిన్నె అయితే టేపు లేకుండానే నిజం చెబుతుంది. కనుక గిన్నెలు తోమడం మానేయమని ఇంట్లో చెప్పి చూడండి. నేను చెప్పాను. ఆ పూట టిఫిను బయటే.

ఎదురింట్లో ఏం జరుగుతోందో చూడాలంటే కిటికీ తలుపు తెరవక్కర్లేదు, అద్దంలోంచే గురిపెట్టండి. ఈ కెమెరా పట్టే 8 నుంచి 14 మైక్రాన్ల కిరణాలు గాజును దాటవు. దాని కంటికి జెర్మేనియం కటకం పెట్టింది అందుకే. అయినా అద్దంలో ఓ ఎర్రటి మనిషి మిమ్మల్నే చూస్తూ నిలబడి ఉంటాడు. గట్టిగా కేకేయండి. చెయ్యి ఊపితే వాడూ ఊపుతాడు.

2014లో ఐఫోన్‌కి తొడిగే ఫ్లిర్ వన్ వచ్చినప్పుడు అందులో వేడిని పట్టేవి 80 ఇంటు 60, అంటే 4,800 చుక్కలే. అంచుల గీతలు పక్కనున్న మామూలు కెమెరా గీసిపెట్టేది. ఇప్పుడు 256 ఇంటు 192 చుక్కలవి దొరుకుతున్నాయి, అంటే పదింతలు. ధైర్యం కూడా పదింతలు చేసుకుని రోడ్డుమీద నిలబడే స్తంభం మీది తీగ జాయింటును పరీక్షించండి. దూరం పెరిగేకొద్దీ ఒక్కో చుక్కలో కాలే జాయింటూ చల్లటి ఆకాశమూ కలిసిపోయి సగటు వేడి వస్తుంది. ఆ సగటు చూసి లైన్‌మన్‌కి భరోసా ఇవ్వండి. మధ్యలో టిక్కుమని బొమ్మ ఆగితే, లోపలి షట్టరు మూసి కెమెరా తన కొలత తానే సరిచూసుకుంటోందని అర్థం. మనకలాంటి అలవాటు లేదు కాబట్టి, పాడైందని షాపువాడితో పోట్లాడండి.

గోడలో నల్లటి చల్లని మచ్చ కనబడితే ఆలస్యం చేయకండి. తడి ఆరేచోట చల్లబడుతుంది గనక అది పైపు లీకే. మా పడగ్గదిలో అలాంటిదే కనబడితే మూడడుగుల మేర కొట్టించాను. లోపల ఎండు ఇటుకలు. “రాత్రంతా ఏసీ గాలి ఇటే కదండీ కొట్టేది?” అన్నాడు మేస్త్రీ, మిగిలిన గోడమీద అరచెయ్యి ఆనించి. పాపం, అతని దగ్గర కెమెరా లేదు.