రేకు ముక్క మీద నేర్చిన విద్య

సైనైడ్ దిబ్బ మీద జారినవాడికి మంచు ఒక లెక్కా అనుకున్నాను. ఆ మాట నలుగురి ముందు అన్నాను కూడా.

మాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఆండర్సన్‌పేట. గనిలోంచి తెచ్చిన రాయిని మిల్లులో పిండి కొట్టి, సైనైడ్ నీళ్లలో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన బూడిదరంగు పొడిని ఊరి పక్కనే పోసేవాళ్లు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేనాటికి అది మూడు కోట్ల టన్నులు దాటింది. మాకు అవే కొండలు. కేజీఎఫ్ సినిమా ఆ దిబ్బల మీద తీశారని తెలిశాక, కొలరాడోలో నా ఆఫీసువాళ్లు వాటి గురించి అడగడం మొదలుపెట్టారు. రేకు ముక్క మీద కూర్చుని పైనుంచి కిందికి ఎలా దూసుకొచ్చేవాళ్లమో రంగులద్ది చెప్పేవాణ్ణి.

అదే ఊపులో స్కీలు కట్టుకున్నాను. వాలు మీద జారడం కాస్త వచ్చీరాకముందే, కుర్రాళ్లు ఇనుప పట్టా మీద అడ్డంగా జారుతుంటే నాకూ కావాలనిపించింది. నేర్పే అమ్మాయి ముందు వెడల్పాటి ప్లాస్టిక్ బాక్సు మీద నిటారుగా జారమంది. అవసరం లేదన్నాను. నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే అన్నాను.

ఆమె చెప్పబోయింది ఏమిటో ఇప్పుడు తెలుసు. స్కీ అంచున ఉక్కు ఉంటుంది, అది మంచును కోసి పట్టుకుంటుంది. పట్టా కూడా ఉక్కే. అక్కడ అంచుకు పట్టు దొరకదు. అడుగు బల్లపరుపుగా ఉండాలి, మోకాళ్లు వంగాలి, బరువు సరిగ్గా పాదాల మీద ఉండాలి, చూపు పట్టా చివరికి పోవాలి. దిబ్బ మీద మేం చేసింది దీనికి పూర్తిగా తలకిందులు. భయమేస్తే వెనక్కి ఒరిగి మడమలు పొడిలో గుచ్చేవాళ్లం, రేకు ఆగిపోయేది.

పట్టా ఎక్కగానే కింద మంచు చప్పుడు పోయి ఇనుము గీరుకున్న చప్పుడు వచ్చింది. గుండె జారింది. ఒళ్లు తనకు తెలిసిన పనే చేసింది, వెనక్కి ఒరిగింది. మడమలు దిగడానికి అక్కడ పొడి లేదు. స్కీలు ముందుకు ఎగిరిపోయాయి, తుంటి పట్టాకు కొట్టుకుంది. చాలా రోజులు ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయాను.

ఫోన్లో నాయనకు చెబితే ఆయన ఆశ్చర్యపోయాడు. "పట్టా మింద కాలు పెట్టేది కాదప్పా, దాటి పెట్టాల. గనిలో దిగిన మొదటి దినమే చెప్తారు మాకు" అన్నాడు. ఆయన పనిచేసింది ఛాంపియన్ రీఫ్‌లో. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగిన గని అది. చీకట్లో, తడిలో, రాయి మోసే బండ్ల పట్టాల మధ్య ఉద్యోగమంతా గడిపిన మనిషి. అలాంటి ఆయన్ను ఇంట్లో పెట్టుకుని నేను అడిగిందల్లా బంగారం ఎంత దొరికిందనే.

దిబ్బ మీద నన్ను కాపాడింది ఆ పొడి. దాన్ని నా నేర్పు అనుకున్నాను. ఇంతకన్నా పెద్ద తెలివితక్కువతనం మరొకటి ఉంది. ఆ పొడి ఏమిటో నేనెప్పుడూ ఆలోచించలేదు. పలుగురాయిని పిండి కొట్టిన దుమ్ము అది, సైనైడ్ తగిలిన దుమ్ము. ఎండాకాలం గాలికి లేచి ఇళ్ల మీద పడేది. అమ్మ నీళ్ల బిందెకు గుడ్డ కట్టేది. మేమేమో జుట్టు నిండా, ముక్కు నిండా పూసుకుని ఇంటికొచ్చేవాళ్లం. అలాంటి రాతి దుమ్మే గనిలో పీల్చి దగ్గేవాళ్లు మా వీధిలోనే ఉండేవాళ్లు. ఆ దగ్గునూ మా ఆటనూ ఏనాడూ కలిపి చూడలేదు.

నిరుడు సంక్రాంతికి ఊరెళ్తే అన్న పిల్లలు మంచం కింద రేకు ముక్క దాచి ఉంచారు. ఎక్కడిదని అడిగితే, "నువ్వే కదా చిన్నాయనా చెప్పినావు, భలే జారుతుందని" అన్నారు. నిజమే. వీడియో కాల్లో ఆ గొప్పలు చెప్పింది నేనే. రేకు లాక్కున్నాను, కోప్పడ్డాను. తుంటి దెబ్బ సంగతి చెబితే అది కూడా వాళ్లకు సాహసంలాగే వినిపించింది, కళ్లు మెరిశాయి.

ఇక నాయన్నే చెప్పమన్నాను. రాయిలోకి డ్రిల్లు దించేటప్పుడు నీళ్లు ఎందుకు పారించేవాళ్లో, నీళ్లు లేకుండా కొడితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ఆయన చెబుతుంటే పిల్లలతో పాటు నేనూ కూర్చుని విన్నాను. అడగాల్సినవన్నీ ఆ పూట అడిగాను.