గోడెక్కిన బండి గిర్ర

హైదరాబాద్ శివారున అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే, మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఒక కొత్త రకం పల్లె కనిపిస్తుంది. మనిషెత్తు దాటిన ప్రహరీ, నల్లటి ఇనుప గేటు, గేటు మీద సీసీ కెమెరా. లోపల పచ్చిక, ఈతకొలను, వరండా. వరండా గోడకు బండి గిర్ర. ఆదివారం అతిథులు కారు దిగీ దిగకముందే యజమాని నోట వచ్చే మాట ఒకటే: "పెద్దగా ఖర్చేం పెట్టలేదండీ. అంతా లో బడ్జెట్. మా టేస్టుకు తగ్గట్టు మేమే సెట్ చేసుకున్నాం."

ఈ లెక్క ఎక్కడ మొదలవుతుందో చూడాలి. ఎకరం ధర అందులో లేదు, అది ఆస్తి. ఈతకొలను లేదు, అది పిల్లల కోసం. ప్రహరీ లేదు, అది భద్రత. ఇవన్నీ పోగా మిగిలిన గిర్ర, గంప, రెండు ఇత్తడి బిందెలు, నాలుగు పసుప్పచ్చ బల్బులే బడ్జెట్. ఆ మేరకు పొదుపు నిజమే.

ఇక్కడే ఇన్ని ఫాంహౌసులు ఎందుకు లేచాయన్నదానికి ఒక చరిత్ర ఉంది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ జంట జలాశయాలను కాపాడటానికి 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దంది. సేద్యానికి మాత్రం అడ్డు చెప్పలేదు. దాంతో సిటీ జనంలో చాలామందికి ఉన్నట్టుండి సేద్యం మీద మమకారం పుట్టుకొచ్చింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు చెప్పేనాటికి ఆ మమకారానికి టెర్రస్ బార్ కూడా అమరింది. పొలంలో కట్టిన ఇల్లు రైతు ఇల్లులా కనిపించకపోతే బాగుండదు కదా. అక్కడినుంచి అలంకరణ మొదలు.

గిర్రతోనే మొదలుపెడదాం. తుమ్మచెక్క చెక్కి ఆకులు బిగించేది వడ్రంగి. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, చెక్కకు తొడిగి, నీళ్లు పోసి బిగిసేలా చేసేది కమ్మరి. ట్రాక్టరూ టైరుబండీ వచ్చాక ఇద్దరికీ ఆ పని పోయింది. గిర్రలు కొన్ని చెదల పాలయ్యాయి, కొన్ని పొయ్యిలోకి పోయాయి, కొన్ని పాత సామాన్ల బండివాడికి పోయి బదులుగా ప్లాస్టిక్ టబ్బు ఇంటికొచ్చింది. అలా పోయిందే ఇప్పుడు వార్నిష్ పూసుకుని, నెత్తిన గాజు పలక మోస్తూ కాఫీ టేబుల్ అయింది. పాతవి దొరక్కపోతే కొత్తవి చేయించి, సుత్తితో కొట్టి, రంగు గీకి అమ్ముతారు. ఒక్క గజం కూడా దొర్లని గిర్రకు అరిగిన అంచు ఉంటుంది.

రోలు పక్షులకు నీళ్లతొట్టి అయింది. ఇసుర్రాయి తోటబాటలో కాలు మోపే బండ. ఇత్తడి కాగులో గొడుగులు. మేదరి గంపను బోర్లించి మధ్యన బల్బు వేలాడదీస్తే లాంప్‌షేడ్. చేవెళ్ల టమాటా రైతు గంప వదిలి ప్లాస్టిక్ క్రేటుకు మారి చాలాకాలమైంది. ఆ క్రేటు మీద ఇంకా ఎవరి కన్నూ పడలేదు. దానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పడుతుంది.

ఇక నేల సంగతి. ఇదే రోడ్డు మీద ముందుకు పోయి పక్కకు మళ్లితే వికారాబాద్, ఆ తర్వాత తాండూరు. అక్కడి నాపరాయి గనుల నుంచి బండలు ఈ దారినే లారీల్లో వచ్చేవి, ఇప్పటికీ వస్తున్నాయి. చవక, చల్లన, కాలం గడిచేకొద్దీ నునుపు తేలతాయి. అందుకే ఈ పక్క ఊళ్లలో మామూలు ఇళ్లకు అవే నేల. ఆ ఇళ్లలోని కొడుకులు నాలుగు డబ్బులు చేతికి రాగానే బండలు పీకేసి, మొహం కనిపించే విట్రిఫైడ్ టైల్స్ వేయించారు, పైన పీవోపీ సీలింగు పెట్టించి నీలం లైట్లు తిప్పారు. పక్కనున్న ఫాంహౌసులో అదే రాయి 'లెదర్ ఫినిష్' పేరుతో పరుచుకుంది. గరుకుదనానికి వేరే చార్జీ. రైతు తనకు డబ్బులున్నాయని చూపించడానికి ఖర్చు పెడుతున్నాడు. ఫాంహౌసు యజమాని తనకు డబ్బంటే లెక్కలేదని చూపించడానికి ఖర్చు పెడుతున్నాడు. ఇద్దరిలో రైతే నిజాయితీపరుడు.

డిజైనరు ఈ ముచ్చటలో లారీ బేకర్ పేరు కూడా లాక్కొస్తాడు. 1917లో ఇంగ్లండులో పుట్టి, 2007లో తిరువనంతపురంలో పోయిన ఆ వాస్తుశిల్పి ఖర్చు తగ్గించిన తీరే వేరు. ఇటుకలను నిలువుగా పేర్చి, నడుమ బోలు వదిలి గోడ కట్టేవాడు. ఇటుకల్లో దాదాపు పావు వంతు మిగిలేది. చాలాచోట్ల ప్లాస్టరింగు మానేశాడు. కూల్చిన ఇళ్ల తలుపులూ కిటికీలూ తెచ్చి బిగించాడు, పగిలిన పెంకులతో నేల పరిచాడు. ఏదో ఒకటి వద్దనుకుంటేనే ఆయన లెక్కలో ఖర్చు తగ్గేది. మొయినాబాద్ బేకర్లు ముందు గోడ కడతారు, దానికి సిమెంటు పూస్తారు, ఆ సిమెంటు మీద ఇటుకలా కనిపించే పలకలు అంటిస్తారు. ఒకే గోడకు మూడు బిల్లులు.

'మా టేస్టు' అన్న మాటకు వద్దాం. పది ఫాంహౌసుల ఫొటోలు కలిపేసి ఎవరిది ఏదో చెప్పమంటే యజమానులే తడబడతారు. అన్నిట్లోనూ అదే కారైకుడి స్తంభం, అదే ఊయల బల్ల, పూలు తేలే అదే కేరళ ఉరులి, తోటలో అదే బుద్ధుడి తల. బుద్ధుడు అలంకరణ సామగ్రి కాదని థాయ్‌లాండ్‌లో పర్యాటకుల కోసం హోర్డింగులు పెట్టారు. మన దగ్గర ఆయన బార్బెక్యూ పొయ్యి పక్కన కళ్లు మూసుకుని పొగ భరిస్తున్నాడు.

అన్నిటికన్నా వింత పూల ముచ్చట. మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్ మండలాలు పూలతోటలకు పేరు. పాలీహౌసుల్లో జర్బెరా, గులాబీ, బయట చామంతి, తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరతాయి. ఆ పాలీహౌసుకు గోడవతల ఉన్న డ్రాయింగ్‌రూమ్‌లో మాత్రం ప్లాస్టిక్ ఆర్కిడ్లు. కారణం అడిగితే మెయింటెనెన్స్ ఉండదంటారు. నిజమే, వాటికి దుమ్ము తప్ప మరే తెగులూ రాదు. 2022 జులై 1న దేశంలో కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను నిషేధించినప్పుడు అలంకరణకు వాడే థర్మోకోల్ ఆ జాబితాకెక్కింది, ప్లాస్టిక్ పువ్వు ఎక్కలేదు. వాటినీ ఆపండి మొర్రో అని పూల రైతులు మొత్తుకుంటూనే ఉన్నారు.

మర్రి కథా అంతే. ఈ రోడ్డుకిరువైపులా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేయొద్దని ప్రకృతి ప్రేమికులు ఏళ్ల తరబడి గ్రీన్ ట్రిబ్యునల్ చుట్టూ తిరిగారు. కారులో ఆ నీడ కిందుగా వచ్చి, ట్రాఫిక్ ఎప్పుడు తగ్గుతుందోనని విసుక్కుని, లోపలికెళ్లాక చైనా కుండీలో జానెడు మర్రి బోన్సాయ్‌ను చూపించి 'ప్రకృతితో మమేకం' అనేవాళ్లకు కొదవ లేదు.

ఈ వేషానికి పూర్వికులు లేకపోలేదు. ఫ్రాన్స్ రాణి మరీ ఆంత్వానెత్ 1783లో వెర్సాయ్ తోటలో తనకో పల్లె కట్టించుకోవడం మొదలుపెట్టింది. గడ్డి కప్పుల ఇళ్లు, చెరువు, పాలశాల. గోడలు పాతవిగా కనబడాలని వాటిమీద రంగుతో బీటలు వేయించారు. బయట బీటలు, లోపల రాచ ఫర్నిచరు. అయినా ఆమెను ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. దాన్ని పొదుపు పథకంగా ప్రచారం చేసుకోలేదు.

చేవెళ్ల వైపు నిజంగా తక్కువ ఖర్చుతో, సొంత అభిరుచితో సర్దుకున్న ఇల్లు చూడాలంటే ఫాంహౌసు గేటు పక్కనున్న వాచ్‌మన్ గది చూడాలి. నూనె డబ్బాలో తులసి, పాత చీర తెర, గోడకు దేవుడి క్యాలెండరు, నులక మంచం. రేకుల మీద వాన కారకుండా గత ఎన్నికల నాటి ఫ్లెక్సీ, దాని మీద వంగి దండం పెడుతున్న నాయకుడు. ఒక్క రూపాయి పెట్టకుండా కప్పుకు కప్పు, బొమ్మకు బొమ్మ. డ్రోన్ వీడియోలో ఆ ఫ్లెక్సీ కనిపించి లుక్ పాడవుతోందని యజమాని దాన్ని తీసేయించాడు. దాని స్థానంలో డిజైనరు వెదురు తడక వేయించాడు. చూడ్డానికి అచ్చం పల్లెటూరే. వాన మాత్రం నేరుగా మంచం మీద పడుతోంది. తడక ఖర్చు 'రస్టిక్ టచ్' పద్దు కింద బిల్లులో చేరింది.