వెయ్యి కిలోమీటర్ల వ్రతం

కరీంనగర్‌లో కొత్త డీజిల్ కారు కొన్నవారికి రెండు శాస్త్రాలు చేతికొస్తాయి. ఒకటి కంపెనీవాళ్లు అచ్చువేయించి డ్యాష్‌బోర్డు అరలో పెట్టి ఇచ్చేది. దాని మీద ఇన్సూరెన్సు కాగితాలు, టోల్ రసీదులు, తడి తుడుచుకునే గుడ్డ ఒక్కొక్కటిగా చేరి, నెల తిరిగేసరికి అది పాతరేసినట్టే. రెండోది నోటి శాస్త్రం. బండి షోరూం గేటు దాటకముందే మొదలవుతుంది. మేనమామ చెబుతాడు. బస్టాండు దగ్గరి మెకానిక్కు చెబుతాడు. జన్మలో స్టీరింగు పట్టని పక్కింటి రిటైర్డ్ సారు అందరికన్నా గట్టిగా చెబుతాడు: "తమ్మీ, మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటనియ్యకు. ఇంజన్ ఫ్రీ గావాలె."

దీన్ని సలహా అంటే చిన్నబుచ్చినట్టే. ఇది వ్రతం. నియమాలున్నాయి, నిషేధాలున్నాయి, ఉద్యాపన ఉంది, ఫలశ్రుతి ఉంది. పొద్దుగాల లేచి బండి స్టార్ట్ చేసి అరగంట వాకిట్లో అలాగే వదలాలి. ఏసీ ముట్టరాదు. వీలైనంత తొందరగా ఐదో గేరుకు చేరుకోవాలి, చేరాక ప్రాణం పోయినా కిందికి దిగరాదు. కింది గేరులో ఇంజన్ అరుస్తుంది, అరిస్తే అరుగుతుంది అని నమ్మకం. ఇలా నిష్ఠగా నడిపితే పదేళ్లదాకా బండి బోరుకు రాదు, మైలేజీ పెరుగుతుంది, అమ్మబోతే మంచి ధర పలుకుతుంది.

రాజీవ్ రహదారి మీద వ్రతస్థులను గుర్తుపట్టడం కష్టం కాదు. టీఆర్ నంబరు, బానెట్టు మీద వాడిన బంతిపూల దండ, సీట్లకు విప్పని ప్లాస్టిక్ కవర్లు, కుడి వరుసలో సరిగ్గా నలభై. వెనక ఆర్టీసీ డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తీయడు. తిమ్మాపూర్ దగ్గర ఒక గ్రానైట్ లారీ మూలుగుతూ వచ్చి, ఎడమ నుంచి ఆ కారును దాటిపోతుంది. ట్యాన్ బ్రౌన్ అని దేశదేశాల్లో పేరుబడ్డ మన కరీంనగర్ రాయి అది. కోట్ల ఏళ్లు భూమిలో అంగుళం కదలలేదు. అదీ ఇతన్ని ఓవర్‌టేక్ చేసింది.

సరే, ఆ నలభైలో, ఆ ఐదో గేరులో బానెట్టు కింద ఏం జరుగుతోంది? చాలా డీజిల్ కార్లలో ఆ వేగానికి ఇంజన్ నిమిషానికి వెయ్యి చుట్ల దగ్గర ఈడుస్తుంటుంది. టర్బో గాలి నింపడం మొదలుపెట్టాలంటే మామూలుగా పదిహేను వందలు దాటాలి. అంటే లక్షలు పోసి కొన్న టర్బో ఇంకా నిద్ర లేవలేదు. చిన్న ఎత్తు వచ్చినా యాక్సిలరేటరు లోపలికి నొక్కాలి, లాగే బలం లేక ఇంజన్ గుడగుడమంటుంది, క్రాంకు మీద, బేరింగుల మీద దెబ్బ పడుతుంది. ఓనరు మాత్రం శబ్దం తగ్గింది కదా, ఇంజన్ సుఖంగా ఉందనుకుని మురిసిపోతాడు.

అసలు "ఫ్రీ గావడం" అంటే ఏమిటో ఈ శాస్త్రం చెప్పేవాళ్లలో ఒక్కరూ చెప్పరు. కొత్త ఇంజన్‌లో సిలిండరు గోడ అద్దంలా ఉండదు. కావాలనే దాని మీద ఒకదాన్నొకటి కోసుకునేలా సన్నని గీతలు గీస్తారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, వాటి మొనలను పిస్టన్ రింగులు కొద్దికొద్దిగా అరగదీసి, గోడకు ఒదిగి కూర్చుంటాయి. రింగును గోడకు అదిమేది దాని స్ప్రింగు బిగువు ఒక్కటే కాదు. మండిన వాయువు రింగు వెనకకు దూరి, దాన్ని బయటికి తోస్తుంది. బరువు లాగినప్పుడే ఆ ఒత్తిడి. బరువే లేకుండా గంటలకొద్దీ తిరిగితే రింగు గట్టిగా ఆనదు, గోడ మీద ఆయిల్ కాలి వార్నిషు పూతలా నున్నగా పేరుకుంటుంది, గీతలు పూడుకుపోతాయి. తర్వాత ఆ ఇంజన్ జీవితాంతం ఆయిల్ తాగుతుంది. నమ్మకపోతే ఫంక్షన్ హాళ్ల జనరేటర్లు చూసే మెకానిక్కును అడగండి. లోడు లేకుండా తిప్పిన డీజిల్ జనరేటరు ఏ గతి పడుతుందో అతనికి కంఠతా వచ్చు.

అంటే ఇంజన్ బోరుకు రాకూడదని పట్టిన వ్రతమే దాన్ని బోరు దగ్గరికి నడిపిస్తుంది.

పెద్దలను పూర్తిగా తప్పుపట్టలేం. అంబాసిడర్ల కాలంలో ఈ మాటకు అర్థం ఉంది. అప్పటి విడిభాగాల కొలతలు ముతక, ఆయిల్ నాసి. బోరు కొట్టించి కొత్త రింగులు వేసిన లారీని తొలిరోజే దౌడు తీయిస్తే నిజంగానే సీజయ్యేది. వెనక అద్దానికి "రన్నింగ్ ఇన్" అని బోర్డు తగిలించుకుని తిరిగిన రోజులవి. 1994లో సుమో, 1998లో ఇండికా వచ్చినప్పుడూ వాటి డీజిల్ ఇంజన్లకు టర్బో లేదు. ఆల్‌ఫ్రెడ్ బూషీ అనే స్విస్ ఇంజనీరు టర్బోకు 1905లోనే పేటెంటు తీసుకున్నా, మెర్సిడెస్ దాన్ని డీజిల్ కారులో పెట్టి అమ్మడానికి 1978 అయింది. మన మధ్యతరగతి వాకిట్లోకి అది దండిగా దిగింది 2007లో, స్విఫ్ట్ డీజిల్‌తో. ఆ ఫియట్ 1.3 లీటర్ల ఇంజన్‌నే మారుతి, టాటా, ఫియట్ ముగ్గురూ వాడుకున్నారు. ఇంజన్ మారింది, ఆయిల్ మారింది, కొలతలు మైక్రాన్లలోకి దిగాయి. మేనమామ మాత్రం అంబాసిడర్ దిగలేదు.

ఇక పొద్దుటి అరగంట పూజ. డిసెంబరులో ఆదిలాబాద్ వైపు చలి ఒంటి అంకెకు పడుతుంది కాబట్టి అక్కడ ఇది మరింత భక్తితో జరుగుతుంది. గోడవారన కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని, ఛాయ్ తాగుతూ ఇంజన్ వేడెక్కడం కోసం ఎదురుచూస్తారు. డీజిల్ ఇంజన్ ఖాళీగా తిరిగితే వేడెక్కడం మహా బద్ధకం. అరగంటకు ఇంజన్ కన్నా ముందు ఓనరే వేడెక్కుతాడు. స్టార్ట్ చేసి అరనిమిషం ఆగి మెల్లగా కదిలితే పది నిమిషాల్లో అయ్యే పని అది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక ఈ పూజకు దక్షిణ కూడా పెరిగింది. పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు పెట్టారు. అది నిండినప్పుడు తనను తాను కాల్చుకుని శుభ్రపడాలి, దానికి ఆరు వందల డిగ్రీల దాకా వేడి కావాలి, అంటే హైవే మీద కాసేపు దమ్ముగా నడవాలి. మన వ్రతస్థుడు పొద్దున అరగంట వాకిట్లో, తర్వాత టవర్ సర్కిల్ దాకా రెండో గేరులో, సాయంత్రం మళ్లీ ఇంటికి. మసి నిండి పసుపు లైటు వెలుగుతుంది. వెంటనే మెకానిక్కు, "అన్నా, బండి ఇంకా ఫ్రీ గాలే, కొంచెం మెల్లగ నడుపు" అంటాడు. రోగం ఏదో మందూ అదే. కొన్ని బండ్లు ఇంకో అడుగు ముందుకేసి 32.5 శాతం యూరియా ద్రావణం కూడా అడుగుతున్నాయి. రామగుండంలో యూరియా ఫ్యాక్టరీ పెట్టుకుని, బస్తా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడే రైతు ఈ మాట వింటే ఏమనుకుంటాడో.

వ్రతానికి ప్రతిపక్షం లేకపోలేదు. సింగరేణిలో డంపర్ నడిపే బావ గోదావరిఖని నుంచి ఫోను చేసి, "ఏందే గిట్ల నడుపుతున్నవ్, మొదటి రోజే గుంజి వదలాలె, లేకుంటే బండి మొద్దుబారుతది" అంటాడు. ఆయనదీ సగం నిజమే. బరువు పడాలన్నమాట ఒప్పు, తొలిరోజే యాక్సిలరేటరు నేలకు తొక్కమనడం తప్పు. ఎవరూ తెరవని ఆ కంపెనీ పుస్తకంలో ఉన్నదింతే: మొదట్లో ఫుల్ యాక్సిలరేటరు వద్దు, ఒకే వేగంతో గంటలు నడపవద్దు, పైగేరులో ఈడ్చవద్దు, వేగం మారుస్తూ పోండి. ఆ చివరి నియమానికి మన ప్రాంతంలో ప్రత్యేకంగా శ్రమపడక్కర్లేదు. జగిత్యాల రోడ్డు ఎక్కితే చాలు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. ఆ తర్వాత బర్రెలు, ఆ తర్వాత ఎవరినీ అడగకుండా వేసిన స్పీడ్ బ్రేకరు, మలుపులో రాంగ్ రూటు ట్రాక్టరు. ఏ జర్మన్ ఇంజనీరూ ఇంతకన్నా మంచి పరీక్షా మార్గం గీయలేడు.

ఆ దారిలోనే కొండగట్టు. కొత్త బండి అంజన్న దగ్గరికి పోకుండా ఉండదు. 2023 జనవరిలో పవన్ కల్యాణ్ తన ప్రచార వాహనం వారాహికి పూజ చేయించిందీ అక్కడే. టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ, వీటి జోలికి నేను పోను. వాటివల్ల ఏ ఇంజనూ చెడలేదు. నా బాధంతా గుట్ట ఎక్కేటప్పటి సంగతి. ఏడుగురి బండిలో తొమ్మిది మంది, డిక్కీలో వంటసామాను, నాలుగో గేరు. మూడుకు మారిస్తే ఇంజన్ అరుస్తుందని, బండి ఆగిపోయేదాకా నాలుగులోనే.

వెయ్యి నిండిన రోజు ఉద్యాపన. షోరూంలో మొదటి సర్వీసు. అక్కడ ఆయిల్ మార్చరు, చూసి పంపుతారు. చాలా కంపెనీల లెక్క అదే, మార్పు పది వేల దగ్గర. "ఇనుప పొడి అట్లనే ఉంచిండ్రు, మోసం" అని గొడవ. ఆ గొడవపడ్డ మనిషే పది వేలు దాటాక, "ఇంకో ఐదు వేలు గుంజొచ్చు తీ" అంటాడు. ఎయిర్ ఫిల్టరు సంగతి అసలే ఎత్తడు.

ఎందుకంటే ఇప్పుడు బండి ఫ్రీ అయింది. ఫ్రీ అయిన బండికి పథ్యం లేదు. ఆ ఆదివారమే నిర్మల్ దాటి 44వ నంబరు జాతీయ రహదారి, మహబూబ్ ఘాట్, ఏసీ ఫుల్, కాలు నేలకు. మే నెల, నలభై అయిదు డిగ్రీల ఎండ. టర్బో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ కాగిపోతుంటుంది. గుడిహత్నూర్ దగ్గర దాబా కనిపిస్తుంది. సర్రున వచ్చి, బ్రేకు కొట్టి, బండి పూర్తిగా ఆగకముందే తాళం తిప్పేస్తాడు. ఇంజన్ ఆగింది, ఆయిల్ పంపు ఆగింది, టర్బో ఇరుసు ఇంకా తిరుగుతూనే ఉంది. బేరింగులో మిగిలిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. ఒక్క నిమిషం ఖాళీగా తిరగనిస్తే చల్లబడేది. స్టార్ట్ చేసినప్పటి అరనిమిషం తీసేస్తే, ఖాళీగా తిప్పడం నిజంగా పనికొచ్చే చోటు బండి జీవితంలో ఇదొక్కటే. వాకిట్లో రోజూ అరగంట ధారపోసిన మనిషి దగ్గర ఇక్కడ ఆ నిమిషం ఉండదు, బిర్యానీ అయిపోతుందని భయం.

ఫలశ్రుతి ఐదారేళ్లకు, బండి అమ్మేటప్పుడు. కొనేవాడు చుట్టూ తిరిగి చూస్తాడు. పొగగొట్టం నుంచి సన్నగా నీలిపొగ. టర్బో ఈల వేస్తుంటుంది.

"గా పొగ ఏందన్నా?"

"పొద్దటి బండి గదా, జర వేడెక్కాలె. ఒక్కమాట చెప్తా విను, మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటనియ్యలే. పాణం లెక్క చూసుకున్న."

"మరి ఆయిల్ ఎన్నింటికి మార్చిండ్రు?"

"అదంత డ్రైవరే చూస్కుంటుండె."

కొనేవాడు కాసేపు ఆలోచించి, ఆ మొదటి వెయ్యి కిలోమీటర్లను గౌరవిస్తూ, ఇంకో పది వేలు పెంచుతాడు.