అయిపోయిందన్నాను

క్లే కోర్టు మీద చివరి పాయింటు పడేదాకా ఆట అయిపోయిందనకూడదు. ఈ మాట నేను నలుగురికీ చెప్పినవాణ్ణే, కారణాలతో సహా. ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ జరిగే రొలాండ్ గారోస్‌లో మనకు కనిపించే ఆ ఎరుపంతా ముగ్గు చల్లినంత పలచటి ఇటుక పొడి. మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాని కింద దంచిన సున్నపురాయి, ఆ కింద బొగ్గు చిట్టెం, కంకర, అడుగున రాళ్లు. బంతి ఆ పొడిని ఒరుసుకోగానే వేగం తగ్గుతుంది, ఎత్తుగా లేస్తుంది. గడ్డి మీద అందకుండా పోయే సర్వీసు ఇక్కడ తిరిగొస్తుంది. ఒక్క దెబ్బతో పాయింటు తెగడం కష్టం. అందుకే వెనకబడ్డవాడికి ఇక్కడ ఇంకాస్త సమయం దొరుకుతుంది. ముందున్నవాడు గెలుపును కొట్టి తెచ్చుకోలేడు, కష్టపడి కట్టుకోవాలి.

మా అబ్బాయి మూడో తరగతి. వాడికి నిద్రపోయే ముందు చెప్పే కథల్లో ఇవీ ఉండేవి. 1984 ఫైనల్లో మెకెన్రో రెండు సెట్లు గెలిచి కూడా లెండిల్ చేతిలో ఓడిపోవడం. 1989లో పదిహేడేళ్ల మైఖేల్ ఛాంగ్ కాళ్ల కండరాలు పట్టేసినా అదే లెండిల్‌కి కింది నుంచి సర్వీసు వేసి గెలవడం. వాడికి అన్నిటికన్నా నచ్చింది 2004 ఫైనల్. గౌడియో మొదటి సెట్టు 0-6తో పోగొట్టుకున్నాడు, రెండోదీ పోయింది. ఐదో సెట్టులో కోరియాకు రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు వచ్చాయి. అయినా కప్పు గౌడియోది. ‘ఆ రెండు పాయింట్లప్పుడు గౌడియో ఏమనుకున్నాడు నాన్నా?’ అని ప్రతిసారీ అడిగేవాడు.

2025 జూన్ 8, ఆదివారం. అల్కరాస్, సినర్‌ల ఫైనల్. మనకు సాయంత్రం ఆరున్నరకి మొదలైంది. సినర్ ఫైనల్ దాకా ఒక్క సెట్టూ ఓడలేదు. ఇక్కడా మొదటి రెండు సెట్లు తనే గెలిచాడు. మూడోది అల్కరాస్ లాక్కున్నాడు. నాలుగో సెట్టులో సినర్ 5-3తో ముందుకెళ్లాడు. సర్వీసు అల్కరాస్‌ది, స్కోరు 0-40. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. రాత్రి పది దాటింది.

నేను టీవీ కట్టేశాను.

‘సినర్ ఇంకా ఒక్కటి గెలవాలి కదా నాన్నా’ అన్నాడు మావాడు. ‘అయిపోయిందిరా, పడుకో’ అన్నాను. వాడు రిమోట్ వైపు చూశాడు. నేను దాన్ని జేబులో పెట్టుకున్నాను. బడులింకా తెరవలేదు, పొద్దున్నే లేవాల్సిన పనీ వాడికి లేదు. నా దగ్గర ఒక్క సాకూ లేదు.

ఎందుకలా చేశానో అప్పుడే తెలుసు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అల్కరాస్ అంటే నాకు ప్రాణం. ఓడిపోయి, వలదాకా నడిచొచ్చి, చెయ్యి కలిపే ఆ దృశ్యం చూడలేననిపించింది. ఆ పిరికితనానికి అనుభవం అని పేరు పెట్టి పిల్లాడి ముందు పెద్దమనిషిలా మాట్లాడాను. చూడలేకపోతే నేను లేచి వెళ్లిపోవాల్సింది. వాణ్ణెందుకు లేపాను?

ఆ తరవాత జరిగింది లోకమంతా చూసింది. అల్కరాస్ మూడు పాయింట్లనూ కాచుకున్నాడు. 5-4 దగ్గర మ్యాచ్ కోసం సర్వ్ చేస్తున్న సినర్‌ని బ్రేక్ చేసి, టైబ్రేక్‌లో నాలుగో సెట్టు గెలిచాడు. ఐదో సెట్టులో గెలవడానికి తను సర్వ్ చేసినప్పుడు ఈసారి సినర్ బ్రేక్ చేశాడు. ఆ సినర్ పట్టుదల గురించి ఎవరూ తగినంత చెప్పరు. మూడు అవకాశాలు చేజారాక మరొకడైతే కుప్పకూలేవాడు, అతను మాత్రం చివరిదాకా పోరాడాడు. ఆఖరి టైబ్రేక్ 10-2. మొత్తం 5 గంటల 29 నిమిషాలు, రొలాండ్ గారోస్ చరిత్రలో ఇంత పొడవైన ఫైనల్ లేదు. పాయింట్లు కూడి చూస్తే ఓడిన సినర్‌కి 193, గెలిచిన అల్కరాస్‌కి 192.

తెల్లారి నేను ఫోన్లో చూసుకుని చాలాసేపు మంచం దిగలేదు. పిల్లాడు లేవగానే అడిగేది అదేనని తెలుసు. అడిగాడు. చెప్పాను. ‘మూడూ కాచుకున్నాడా?’ అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బావుండేది.

ఆ సాయంత్రం ఇద్దరం మ్యాచ్ పునఃప్రసారం చూశాం. 0-40 వచ్చింది. తెల్లగీత దగ్గర అల్కరాస్ బంతిని నేలకేసి కొడుతున్నాడు, మేజోళ్లు చీలమండల దాకా ఎర్రబడి ఉన్నాయి. నా గుండె అప్పుడూ దడదడలాడింది. మావాడు కాళ్లూపుకుంటూ కూర్చున్నాడు. ‘భయం వెయ్యట్లేదురా?’ అని అడిగాను.

‘ఎందుకు? గెలుస్తాడని తెలుసుగా’ అన్నాడు.

గౌడియో ఏమనుకున్నాడని అన్నిసార్లు అడిగిన పిల్లాడు, ఐదో సెట్టు మొదలవకముందే బంతి తీసుకుని కిందికి ఆడుకోవడానికి వెళ్లిపోయాడు.