మా ఇంటా వంటా లేదు

మతిమరుపు సంగతిలో మన తెలుగిళ్ళు ఏనాడో ఒక తీర్మానం చేసేసుకున్నాయి: అది పక్కింటివాళ్ళకు వచ్చే జబ్బు. మనింట్లో నాన్నగారు తిన్న గంటకే మళ్ళీ టిఫిన్ అడిగితే అది ఆకలి. కోడలిని కూతురి పేరుతో పిలిస్తే అది ప్రేమ. నలభయ్యేళ్ళుగా నడిచిన వీధిలో దారి తప్పితే, తప్పు మున్సిపాలిటీది.

అలాంటి ఇంటి తలుపు తట్టి, "పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తి మీద అధ్యయనం చేస్తున్నామండీ, ఒక పూట టైమిస్తారా?" అని అడిగేవాళ్ళ ధైర్యమే ధైర్యం. అవతల పిల్లకు సంబంధాలు చూస్తున్నాం! "వాళ్ళ తాతకు పిచ్చిట" అని ఒక్కడు అన్నా చాలు కదా. పైగా, "మమ్మల్నేమైనా ప్రయోగాల ఎలకలనుకున్నారా?" అనే మాట గుమ్మంలోనే సిద్ధంగా ఉంటుంది.

ప్రయోగాలంటే పడని ఇల్లేమీ కాదది. అలమర తలుపు తీసి చూడండి. బ్రాహ్మీ లేహ్యం, అర్ధరాత్రి టీవీలో చూసి తెప్పించిన తైలం, జ్ఞాపకశక్తికంటూ అమెరికా నుంచి బావమరిది పంపిన జింకో ఆకు మాత్రలు. బీపీ బిళ్ళతో కలిస్తే ఏది ఏం చేస్తుందో ఎవరూ అడగరు. అంగీకార పత్రం లేదు, నాడి చూసే నర్సు లేదు, ఏమైనా అయితే బాధ్యత పడే నాథుడు లేడు. ఎలకకైనా లెక్క రాసుకునేవాడు ఒకడుంటాడు. నాన్నగారికి ఆ భాగ్యమూ లేదు.

ఆ జింకో కథ వినదగ్గది. అమెరికాలో 75 ఏళ్ళు దాటిన 3,069 మంది తమంతట తాము ముందుకొచ్చారు. సగం మందికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల జింకో, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్ళకే తెలియదు. సుమారు ఆరేళ్ళు గమనించాక 2008లో తేలిందేమిటంటే, డిమెన్షియాను, అంటే ఆ మతిమరుపు జబ్బును, ఆపడంలో రెండూ ఒకటే. ఆ ముసలివాళ్ళ ఓపికతో తేలిన నిజం అది. మన బావమరిది అదే దేశంలో ఉంటూ, అదే సీసా ఏటా పంపిస్తూనే ఉన్నాడు.

అనుమానం ఊరికే పుట్టలేదంటారు. నిజమే. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు, చాలామందికి అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. అన్యాయం జరిగింది గిరిజన పిల్లలకు. దాన్ని చూపి తలుపు వేసుకుంటున్నది మాత్రం మూడు పడగ్గదుల ఫ్లాటు! కాగితం చదివి, నాలుగు ప్రశ్నలడిగి, నచ్చకపోతే వద్దనే హక్కు, మధ్యలో లేచిపోయే హక్కు ఉన్నాయని చెప్పబోతే, వినే తీరిక ఎవరికి? లోన్ యాప్ షరతులకు మాత్రం ఆ ఇంటి వేలే కళ్ళు మూసుకుని ఒప్పేసుకుంది.

పోనీ, ఒక ఇల్లు ఒప్పుకుందనుకోండి. ఆ పరీక్ష చూసి తీరాలి. హాల్లో పెద్దాయన, ఎదురుగా ఫైలుతో ఒక అమ్మాయి, వెనక కుటుంబమంతా. "తాతగారూ, ఇవాళ తేదీ ఎంతండీ?" అనగానే కొడుకు గోడ క్యాలెండర్ పక్కకు చేరి గొంతు సవరిస్తాడు. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడుగుతానంటే, కోడలు వాటిని అరచేతిలో రాసుకుంటుంది. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూద్దామంటే, తాతగారు ఆవు, గేదె, మేక దగ్గర ఆగుతారు. వెనకనుంచి మనవడు ముక్కు ముందు చెయ్యి ఊపుతూ, "తొండం, తాతా, తొండం!" ముప్ఫైకి ముప్ఫై తెప్పిస్తే గానీ పరువు దక్కదు. తర్వాత ఆ అమ్మాయి కొడుకును పక్కకు పిలిచి, ఈమధ్య ఏమైనా మార్పు గమనించారా అని అడుగుతుంది. "అబ్బే, ఇప్పటికీ ఎక్కాలు గడగడా చెప్తారండీ." పాలవాడికి ఒకే నెల డబ్బు మూడుసార్లు ఇచ్చిన ముచ్చట గడప దాటదు.

హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2013లో ఒక సంగతి చెప్పారు: రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని, చదువు రానివాళ్ళలోనూ తేడా కనిపించిందని. ఇది చెబితే మాత్రం మనకు పొంగు. తెలుగూ ఉర్దూ కలిపి కొట్టే ఊరు కదా! ఆ లెక్కలోని 648 మందీ జబ్బుతో ఆస్పత్రి మెట్లెక్కినవాళ్ళే, వాళ్ళను తీసుకొచ్చిన ఇళ్ళు నిజం చెప్పినవే అన్నది మాత్రం ఎవరికీ తట్టదు. దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతానికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందన్న అంచనా కూడా 4,096 మంది పెద్దలు కూర్చుని ఇలాంటి ప్రశ్నలకే జవాబులిస్తే వచ్చింది.

పరీక్ష అయిపోయి ఆ అమ్మాయి ఫైలు సర్దుకుని చెప్పులేసుకుంటుంటే, కొడుకు గేటు దాకా వచ్చి గొంతు తగ్గించి అడుగుతాడు: "అది సరేగానీ, మెమరీకి ఏదన్నా మంచి టానిక్ ఉంటే రాసిస్తారా, మేడమ్?"