బ్యాలెన్సు బాబాయి

పెళ్ళి భోజనాల దగ్గర బ్యాలెన్సు బాబాయిని గుర్తుపట్టడం తేలిక. అందరూ ఎవరి పళ్ళెం వాళ్ళు చూసుకుంటుంటే ఆయన పక్కవాళ్ళ పళ్ళెం చూస్తుంటాడు.

“ఏమోయ్, ఇందులో ఫైబరేదీ?” అని అడుగుతాడు. పులిహోర, దాని పక్కన బంగాళాదుంప వేపుడు, దాని పక్కన బొబ్బట్టు పెట్టుకున్న మనిషి ఏమని జవాబు చెబుతాడు? “కార్బు, కార్బు, మళ్ళీ కార్బు” అని బాబాయి వేలితో లెక్కపెట్టి చూపిస్తాడు. ఆ మనిషి సిగ్గుపడి బొబ్బట్టుని అంచుకి తోసేస్తాడు. “నెయ్యి వేసినదాన్ని పారేస్తారటయ్యా!” అని బాబాయి దాన్ని తన పళ్ళెంలోకి మార్చుకుంటాడు.

ఇలాంటి బాబాయి లేని అపార్ట్‌మెంటు ఉండదు. మా పటమటలో ఆయన మూడో అంతస్తు. బ్యాంకులో అకౌంట్లు చూసి చూసి రిటైరయ్యాడు. ఇప్పుడు జనం కంచాలు ఆడిట్ చేస్తుంటాడు. ఏ పదార్థం కనబడ్డా దాన్ని ఏదో ఒక ఖాతాలో రాసేదాకా ఆయనకు నిద్రపట్టదు.

రిటైరైన ఏడాదే ఆయనకు షుగరు బయటపడింది. డాక్టరు గారు చీటీ మీద మందులు రాసి, నోటితో మూడు మాటలు చెప్పారు. అన్నం తగ్గించండి, కూరలు పెంచండి, ప్రోటీన్ సరిపడా ఉండేలా చూసుకోండి. బాబాయికి రెండోదీ మూడోదీ స్పష్టంగా వినిపించాయి. మొదటిది చెబుతున్నప్పుడు ఫోను మోగిందట.

మొదట్లో ఊళ్ళో వీచిన ప్రతి గాలికీ తలొగ్గాడు. కీటో వచ్చినప్పుడు అన్నం మానేసి కొవ్వు తినమన్నారు. కొవ్వు ఆ పూటే మొదలుపెట్టాడు, అన్నం మానడం మాత్రం సోమవారం నుంచి అన్నాడు. ఏ సోమవారమో చెప్పలేదు. తర్వాత చిరుధాన్యాలు వచ్చాయి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కొర్రల్లో తెల్లబియ్యంలో కంటే పీచు ఎక్కువ, ఆ మాట నిజం. మంచిది కదా అని కొర్రన్నం గుట్టగా పెట్టించుకుని, చివర నాలుగు ముద్దలు సన్నబియ్యం అన్నం తినేవాడు, నోరు మార్చుకోడానికి.

చివరికి “ఈ గాలి కబుర్లు కాదు, ప్రభుత్వ లెక్కలే నమ్ముతా” అన్నాడు. ఆ లెక్కలు వేసేవాళ్ళు మన దగ్గరే, హైదరాబాదు తార్నాకలో ఉన్నారు. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో, బెరిబెరి మీద పరిశోధనకని ఒక్క గదిలో మొదలైంది. 1958లో హైదరాబాదు చేరింది. బియ్యాన్ని మరీ తెల్లగా పాలిష్ పట్టించి, అదే కడుపునిండా తినేవాళ్ళకు వచ్చే జబ్బు బెరిబెరి. అంటే తెల్లన్నం మీద అక్కడ వందేళ్ళుగా కేసు నడుస్తోందన్నమాట.

ఆ సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కిలోకేలరీలు కావలసిన మనిషికి తృణధాన్యాలు 250 గ్రాములు, కూరలూ ఆకుకూరలూ కలిపి 400, పప్పులూ గుడ్లూ చేపా మాంసం కలిపి 85, పళ్ళు 100, గింజలు 35, నూనె 27, పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు. మనవడు ఎన్నో క్లాసని అడిగితే తడుముకునే బాబాయి, ఈ అంకెలు మాత్రం నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. చార్టు ప్రింటు తీయించి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

చిక్కు అమలు దగ్గర వచ్చింది. పళ్ళెంలో సగం కూరలూ పళ్ళూ ఉండాలని చదివాడు. పాత కంచంలో అన్నం గుట్ట పక్కన అంతకంత కూర పెట్టబోతే చోటు చాలలేదు. ఇంకెవరైనా అయితే గుట్ట కాస్త తవ్వేవాళ్ళు. బాబాయి వన్‌టౌన్ వెళ్ళి స్టీలు సామాన్ల కొట్లో పెద్ద కంచం కొనుక్కొచ్చాడు.

“దామాషా కుదిరింది, చూశావా అబ్బాయ్?” అన్నాడు కంచం ముందు కూర్చుని. కుదిరింది. అన్నం అంగుళం కదల్లేదు. కూర, మాంసం వచ్చి దాని చుట్టూ చేరాయి. బాబాయి దృష్టిలో బ్యాలెన్సంటే తీసివేత కాదు, ఎప్పుడూ కూడికే. అన్నం ఎక్కువైతే దానికి సరిపడా మాంసం, మాంసం వేడి చేస్తుంది గనక పెరుగు, పెరుగు ఉత్తినే తినలేం గనక మళ్ళీ కాస్త అన్నం.

ఆ వెంటనే డిజిటల్ కాటా కూడా వచ్చింది. 250 గ్రాములంటే పచ్చి బియ్యం లెక్కా, ఉడికిన అన్నం లెక్కా అని రెండు రోజులు మథనపడ్డాడు. పచ్చి లెక్కేననీ, ఉడికితే అది రెండున్నర మూడింతలవుతుందనీ తెలిసిన పూట, డీఏ బకాయిలన్నీ ఒకేసారి ఖాతాలో పడ్డట్టు వెలిగిపోయాడు. ఆకుకూరలంటే గౌరవం పెరిగింది కూడా ఆ లెక్కవల్లే. తోటకూర పచ్చిది 400 గ్రాములు తూచి మూకుట్లో వేస్తే చివరికి తేలేది గుప్పెడు. ఆ గుప్పెడు మింగేస్తే రోజంతటి కూరల పద్దు ముగిసినట్టే.

కానీ ఆ 250 గ్రాములు పొద్దుటి ఇడ్లీ రవ్వ నుంచి రాత్రి చపాతీ పిండి దాకా అన్నీ కలిపి. ఇక్కడే బాబాయికీ తార్నాకకూ సిద్ధాంత విభేదం. తెలుగువాడికి అన్నం వేరు, టిఫిన్ వేరు. “రాత్రిపూట అన్నం మానేశానోయ్” అని పార్కులో ఆయన నిట్టూర్చినప్పుడల్లా విన్నవాళ్ళు అయ్యో పాపం అనుకుంటారు. రాత్రి ఎనిమిదింటికి వాళ్ళింటికి వెళ్తే సంగతి తెలుస్తుంది. నాలుగు చపాతీలూ బంగాళాదుంప కుర్మా, కాకపోతే ఉప్మా పెసరట్లు. పెసరట్టు పెసలతో చేసింది కాబట్టి ప్రోటీన్ ఖాతా. ఉప్మా దాని కడుపులో ఉంది కాబట్టి అదీ ప్రోటీన్ ఖాతాయే. ఇడ్లీని మినప్పప్పు కింద రాస్తాడు. మరి రవ్వ సంగతేమిటంటే “అది ఇడ్లీ నిలబడ్డానికిలే” అంటాడు.

2025లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో జనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని తేల్చింది. 2024 మార్గదర్శకాలేమో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దంటున్నాయి. బాబాయి ఆ వార్త కత్తిరించి చార్టు పక్కనే అంటించాడు. “చూశావా, జనం ఎలా తింటున్నారో!” అన్నాడు. ‘జనం’ అన్నప్పుడు ఆయన చెయ్యి కిటికీ బయటికి చూపించింది.

పాపం, తప్పంతా ఆయనదే అనడానికీ లేదు. మన భోజనం వరసే అంత. పప్పులోకి కొంత అన్నం, వేపుడులోకి కొంత, పులుసులోకి కొంత, చారులోకి కొంత, పెరుగులోకి కొంత. వడ్డించిన ప్రతి పదార్థమూ తన వాటా అన్నం తను అడుగుతుంది. అందుకే కూరలు పెంచమని తెలుగువాడికి చెప్పడమంటే, చాటుగా అన్నం పెంచమని చెప్పడమే. కూర ఉత్తిగా తినడం మనకు అలవాటు లేదు. గిన్నెలో బీరకాయ కూర పెట్టుకుని చెంచాతో తింటుంటే చూసినవాళ్ళు జ్వరం ఎప్పటినుంచని అడుగుతారు.

అదీ చేసి చూశాడు బాబాయి. ముందు కూరలు, తర్వాత మాంసం, ఆఖర్న అన్నం తింటే భోజనం చేశాక షుగరు అంతగా ఎగబాకదని చదివాడు. పరిశోధనల్లో తేలిన మాటే. ఒక మధ్యాహ్నం బీరకాయ కూర ముందు తినేశాడు. తర్వాత కోడికూర తినేశాడు. తీరా అన్నం దగ్గరికొచ్చేసరికి కలుపుకోడానికి ఏమీ మిగల్లేదు. “ఉత్తన్నం ఎలా తినమంటావే?” అని పిన్ని మీద కేకలేసి, మళ్ళీ బీరకాయ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

కూరల ఖాతాలో ఆయన రాసే పద్దులు చూస్తే ఏ ఆడిటరుకైనా కళ్ళు తిరుగుతాయి. బిర్యానీ పక్కన పడేసే నాలుగు ఉల్లిపాయ చక్రాలు సలాడ్. గోంగూర పచ్చడి ఆకుకూర. ఆవకాయ పళ్ళ కింద, మామిడి కాబట్టి. గోబీ మంచూరియా క్యాలీఫ్లవర్ కింద. అన్నిటికంటే పెద్ద పద్దు బంగాళాదుంపది. రోజుకు కనీసం 400 గ్రాముల కూరలూ పళ్ళూ తినమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ, బంగాళాదుంపలాంటి పిండి దుంపల్ని ఆ లెక్కలోంచి తీసేసిందని నేనొకసారి అన్నాను. “వాళ్ళు మన వేపుడు తిన్లేదులే” అని కొట్టిపారేశాడు.

ప్రోటీన్ ఖాతాది ఇంకో దారి. పెద్దవాళ్ళకి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని లెక్క. ఎనభై కిలోల బాబాయికి అది 66 గ్రాములు. ఒక గుడ్డు తింటే ఆరు గ్రాములొస్తుంది. సోమవారం నుంచి శనివారం దాకా ఆయన పప్పు నీళ్ళలా పోసుకుని, గుడ్డు గుర్తొస్తే తిని, ఆదివారం మాంసం మీద పడతాడు. “వారం సగటు తీస్తే సరిపోయింది” అంటాడు. ప్రోటీన్‌కి ఒంట్లో సేవింగ్స్ ఖాతా లేదు మరి. ఆదివారం అవసరానికి మించి తిన్నది ఆదివారమే ఖర్చయిపోతుంది, లేదా కొవ్వుగా మారుతుంది. సోమవారం వెళ్ళి విత్‌డ్రా చేద్దామంటే కౌంటర్లో ఎవరూ ఉండరు. దానికంటే రోజూ గట్టి పప్పు నయం. బియ్యంలో తక్కువైన లైసీన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. కాకపోతే అందులో పప్పు ఎక్కువ, అన్నం తక్కువ ఉండాలి.

ఆదివారం ఆరున్నరకల్లా బాబాయి మాంసం కొట్టు ముందు ఉంటాడు. “కిలో కొట్టు. తొడ ముప్పావు, పక్కటెముకలు పావు. కొవ్వు మొత్తం తీసెయ్, డాక్టరు ఒప్పుకోడు” అని పక్కవాళ్ళందరికీ వినబడేలా చెబుతాడు. కొట్టువాడు కత్తి ఎత్తగానే ముందుకు వంగి, గొంతు తగ్గించి, “కాస్త ఉంచు, రుచి ఉండాలిగా” అంటాడు. ఇంట్లో తినేది ఇద్దరు. పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు.

పిన్నికి ఈ గ్రాముల గోల పట్టదు. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. రొయ్యల్లో బీరకాయ, ఎండు చేపల్లో వంకాయ, మాంసంలో సొరకాయో దోసకాయో, చింతచిగురు రోజుల్లో చింతచిగురు, లేదంటే గోంగూర. పావుకిలో మాంసం పదిమందికి పంచాల్సిన ఇళ్ళలో బతికిన వంటలివి. ముక్క రుచి పులుసుకీ, పులుసు రుచి సొరకాయకీ పట్టేది. కూరగాయలంటే మొహం చిట్లించే పిల్లలు కూడా చెయ్యి నాకేవాళ్ళు. చేతిలో డబ్బు లేక ఆ తల్లులు వేసిన లెక్కనే ఇప్పుడు రంగుల పళ్ళెం బొమ్మ గీసి మనకు చెబుతున్నారు. మాంసం అంటే విడిగా వేపుడు, కూరంటే విడిగా ఇంకోటి అయ్యాక, రెంటికీ రెండు వాటాల అన్నం వచ్చి చేరింది.

ఒక ఆదివారం బాబాయి తెచ్చిన కిలోలో ముప్పావు పిన్ని ఫ్రీజర్లో పెట్టేసి, పావుకిలో మాంసంలో చేతంత సొరకాయ కోసి వండింది. బాబాయి గరిటెతో గిన్నె అడుగు దాకా వెతికాడు.

“ఏమేవ్, ముక్కలేవీ?”

“మీ చార్టు చూసే వండానండీ. కూర సగం, మాంసం పావు” అంది పిన్ని, ఫ్రిజ్ తలుపు వైపు చూపిస్తూ.

తన చార్టు తన మీదే ప్రయోగిస్తారని బాబాయి ఊహించలేదు. కాసేపు ఆలోచించి, “సొరకాయ అంతా నీళ్ళేనే. నీళ్ళ బరువు తీసేసి లెక్కగట్టాలి” అని ఒక అభ్యంతరం లేవదీశాడు. “అయితే మాంసంలో ఎముకల బరువూ తీసెయ్యండి” అంది పిన్ని. బాబాయి ఆ పాయింటు మీద వాదన ఆపేసి సొరకాయ ముక్క నోట్లో వేసుకున్నాడు. రెండోసారి కూడా వేయించుకున్నాడు.

ఆ వారంలోనే పిన్ని ఎవరికీ చెప్పకుండా ఇంకో పని చేసింది. బియ్యం డబ్బాలో ఏళ్ళుగా ఉన్న పెద్ద స్టీలు గ్లాసు తీసేసి, రైస్ కుక్కర్‌తో వచ్చిన చిన్న కప్పు వేసింది. ఇద్దరికీ రెండు అన్న లెక్క అలాగే ఉంది. చారు పెట్టిన పూట పులుసు మానేసింది. పదార్థం ఒకటి తగ్గేసరికి దాని వాటా అన్నం కూడా తగ్గింది. బాబాయి మారు అన్నం అడిగితే, “అయిపోయిందండీ, కూరుంది వేసుకోండి” అనేది. మళ్ళీ వండమనడానికి ఆయనకు నోరు రాలేదు. ఎంతైనా పార్కులో నలుగురికి చెప్పే మనిషి.

ఈమధ్య చేయించిన పరీక్షలో మూడు నెలల షుగరు సగటు బాగా దిగింది. డాక్టరు గారు సంతోషించి, “ఏం చేశారండీ?” అని అడిగారట. “పెద్ద కంచం కొన్నానండీ” అని చెప్పాడట బాబాయి.

ఇప్పుడు లిఫ్టులో ఎవరు కనబడ్డా ఆయన చెప్పేది ఆ కంచం గురించే. వన్‌టౌన్‌లో కొట్టు ఎక్కడుందో, అంచు ఎంత ఎత్తుండాలో, బేరం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతున్నాడు. మా అపార్ట్‌మెంటులో అప్పుడే నలుగురైదుగురు పెద్ద కంచాలు కొన్నారు. రెండో అంతస్తు సెక్షనాఫీసరు గారు వచ్చేపోయేవాళ్ళకి కూడా ఉంటాయని అరడజను తెచ్చారు. బియ్యం డబ్బాలో గ్లాసు సంగతి పిన్నిని ఇంతవరకు ఎవరూ అడగలేదు.