నేను కోకర్ ఫోర్సెప్స్‌ని

స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో థియోడర్ కోకర్ గారి చేతిలో పనిచేసినదాన్ని. నా రూపం ఆయన ఆలోచనే, అందుకే ఆయన పేరే నాకూ వచ్చింది. ఒక దవడకు రెండు పళ్ళు, రెండో దవడకు ఒకటి. ఒకసారి కరిస్తే రక్తనాళం జారేది కాదు.

ఆల్ప్స్ లోయల్లో అయోడిన్ తక్కువ. దాంతో థైరాయిడ్ గ్రంథి ఉబ్బి, గొంతు మీద గాయిటర్‌గా పెరిగి ఊపిరాడని వాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. థైరాయిడ్ నిండా రక్తనాళాలే. 1866లో అమెరికా సర్జన్ శామ్యూల్ గ్రాస్ దాన్ని కోసి తీసే ఆపరేషన్‌ను కసాయి పని అన్నాడు. కోకర్ గారు మాత్రం ఒక్కో నాళాన్నీ నాకు అప్పగించి, దారంతో ముడివేసి, ఆ తర్వాతే ముందుకు కదిలేవారు. నెత్తురు ఆగితే స్వరనాడి కనబడుతుంది, గొంతు దక్కుతుంది. ఆయన చేసినవి సుమారు 5,000 ఆపరేషన్లు. మరణాలు చివరికి నూటికి ఒకటి కన్నా తక్కువకు దిగాయి.

నేను పుట్టకముందు, 1874లో, 11 ఏళ్ళ పాపకు ఆయన థైరాయిడ్ మొత్తం తీసేశారు. గాయం చక్కగా మానింది. పాప మాత్రం ఎదగలేదు, మొద్దుబారిపోయింది. ఒకప్పుడు ఆమెలాగే ఉండే చెల్లెలు నిండుగా పెరిగింది. ఆ సంగతి తెలిశాక కోకర్ గారు పాత రోగులకు కబురు పంపారు. గ్రంథి మొత్తం పోయినవాళ్ళలో 18 మంది వస్తే, 16 మంది ముఖాలు ఉబ్బి, మాట మందగించి, చలికి ముడుచుకుపోయి ఉన్నారు. 1883లో ఆ సంగతి ఆయనే బయటపెట్టారు, ఇక కొంత గ్రంథి మిగల్చాలన్నారు. 1909లో నోబెల్ వచ్చింది. నాకైతే ఆ పతకం కన్నా ఆ కబురే గొప్ప.

1917లో ఆయన పోయారు. నేను చేతులు మారి వేరే ఆసుపత్రికి చేరాను. అక్కడ నాతో సీసా మూతలు ఊడదీశారు, ఇరుక్కున్న సూదులు లాగారు. ఒకరోజు మూత ఊడలేదు, నా పన్ను విరిగింది. ఎవరూ చూడలేదు. కడిగి తుడవకుండా ఉప్పునీళ్ళలో వదిలేస్తే కీలు తుప్పు పట్టింది. అలాగే ట్రేలో పెట్టి ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. నాళం మీద వేయగానే జారిపోయాను, నెత్తురు చిమ్మింది. వేరే క్లాంపు అందుకుని రోగిని కాపాడుకున్నారు. సర్జన్ నన్ను విసిరికొట్టాడు. పట్టు తప్పడమంటే ఏమిటో నాకు ఆరోజే తెలిసింది, ఆ బాధ ఇంకా పోలేదు.

ఇప్పుడు నాళాలను వేడితో మూసే పరికరాలొచ్చాయి. గ్రంథి మొత్తం తీసినా రోజూ ఒక థైరాక్సిన్ మాత్రతో మనిషి మామూలుగా బతుకుతాడు. ఆ పాపకు ఆ మాత్ర అంది ఉంటే ఎంత బాగుండేది!

నన్ను పాత ఇనుములో వేసిన రోజు పుస్తకంలో ‘పనికిరానిది’ అని రాశారు. నాతో ఏ పని చేయించారో రాయలేదు.